22 కేజీల తోక, ఊగిన హ్యాండిల్: ఒక బైక్ లగేజీ కేసు

బైక్ నడిపే ఒకాయన, వెనక కూర్చునే ఆవిడ, ఇద్దరూ నా వర్క్‌షాప్‌కి వచ్చిన రోజు బైక్ కుడివైపు బ్యాగ్ అడుగున అరచేయంత చిల్లు ఉంది. చిల్లు చుట్టూ నల్లగా కరిగి గట్టిపడిన అంచు. లోపలున్న రెయిన్ జాకెట్ బ్యాగ్ గుడ్డకే అతుక్కుపోయింది. నాలుగు రోజుల ట్రిప్‌కి బయలుదేరి రెండో రోజే వెనక్కి తిరిగొచ్చారు.

"అన్నా, ఈ బ్యాగులు చిన్నవైపోయాయి. పెద్దవి చూడండి. అల్యూమినియం పెట్టెలైతే ఇంకా మంచిది" అన్నారాయన. ఆవిడ మాత్రం వేరే మాట చెప్పింది. "అన్నయ్యా, బ్యాగ్ కాలిపోయిందన్న బాధ కాదు నాది. స్పీడ్ 90 దాటితే బండి ముందు భాగం ఊగింది. వెనక కూర్చుని ఆ టెన్షన్ భరించలేకపోయాను."

నేను పదమూడేళ్లుగా బైకులకు లగేజీ బిగించే పని చేస్తున్నాను. కరిగిన బ్యాగులు చాలా చూశాను. హ్యాండిల్ ఊగిందని విన్నప్పుడు మాత్రం ఆ రోజు మిగతా పనులన్నీ పక్కన పెడతాను. ఈ కేసులో ఏం చూశాం, ఏం మార్చాం, నేనెక్కడ తప్పు చేశాను, ట్రిప్ నుంచి తిరిగొచ్చాక ఏం తెలిసింది, అన్నీ ఇక్కడ రాస్తున్నాను. మధ్యస్థాయి బైక్ మీద ఇద్దరు కలిసి దూరం వెళ్లాలనుకునేవాళ్లకు ఇందులో పనికొచ్చే అంకెలున్నాయి.

వచ్చినప్పటి పరిస్థితి

బైక్ 400 సీసీకి దగ్గరగా ఉండే సింగిల్ సిలిండర్ టూరింగ్ బండి. సైలెన్సర్ కుడివైపు, పైకి లేచి ఉంటుంది. ముందు ఇంజిన్‌కి 5 కేజీల క్రాష్ గార్డ్ బిగించి ఉంది. ఈసారి వాళ్ల ప్లాన్ 12 రోజులు, సుమారు 3,000 కిలోమీటర్లు. ఎక్కువ భాగం హైవే, మధ్యలో 200 కిలోమీటర్ల దాకా కంకర దారి. వానలు పడే అవకాశం బాగా ఉన్న రోజులు.

లగేజీని మొదటిసారి ఎలా కట్టుకుని వెళ్లారో అలాగే మళ్లీ కట్టి చూపించమన్నాను. ఏ కేసులోనైనా నేను ముందు అడిగేది ఇదే. నోటితో చెప్పినప్పుడు అందరి లగేజీ చక్కగానే ఉంటుంది. వెనక క్యారియర్ మీద 45 లీటర్ల టాప్ బాక్స్. దాని మూత మీద టెంట్, స్లీపింగ్ బ్యాగులు కలిపి చుట్టిన మూట, కొక్కేలున్న రెండు బంజీ తాళ్లతో కట్టి ఉంది. సీటు మీదుగా అటూ ఇటూ వేలాడేసిన సాడిల్ బ్యాగుల జత. అవి లోపలికి ఊగకుండా ఆపే ఇనుప గొట్టాలు, అంటే స్టేలు, లేవు. ఆవిడ భుజాలకు ఇంకో బ్యాగ్.

సాడిల్ బ్యాగులకు స్టే లేకపోవడమే ఆ చిల్లుకు కారణం. ఖాళీ బ్యాగ్‌ని సీటు మీద వేసి చూస్తే సైలెన్సర్‌కి నాలుగు వేళ్ల దూరం కనిపిస్తుంది. నింపితే కిందికి దిగుతుంది. ఇద్దరు కూర్చుంటే దాని పట్టీ నొక్కుకుని వంపు తిరుగుతుంది. మలుపు తిరిగేటప్పుడో గుంతలో పడినప్పుడో బ్యాగ్ ఊగి సైలెన్సర్‌ని తాకుతుంది. నడుస్తున్న బండి సైలెన్సర్ పైభాగం 200 డిగ్రీలు దాటడం మామూలే. పీవీసీ పూత 100 డిగ్రీల లోపే మెత్తబడిపోతుంది. నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల మధ్య కరుగుతుంది. ఎంత ఖరీదైన గుడ్డ అయినా సైలెన్సర్‌ని తాకుతూ ఉంటే నిలవదు. బ్యాగ్ నాణ్యత మీద కోపం తెచ్చుకోవాల్సిన పని ఇక్కడ లేదు.

ముందు తూకం

కొత్త బ్యాగుల మాట ఎత్తకముందే బరువు తూచే మిషన్ తీశాను. ఇంట్లో మనుషులు ఎక్కి చూసుకునే మిషన్ చాలు. ఒక్కో సామానూ విడిగా తూచి కాగితం మీద రాశాం. టాప్ బాక్స్‌లో 14 కేజీలు, సాడిల్ బ్యాగుల్లో 13, పైన మూట 3.5, భుజాల బ్యాగ్ 2.5. మొత్తం 33 కేజీల సామాను.

బండి మాన్యువల్‌లో గరిష్ఠ లోడ్ 185 కేజీలని ఉంది. చాలామంది ఆ అంకెను లగేజీ పరిమితి అనుకుంటారు. నడిపేవాళ్లు, వెనక కూర్చునేవాళ్లు, వాళ్ల హెల్మెట్లు, జాకెట్లు, బూట్లు, మనం తరవాత బిగించిన ప్రతి ఇనుప ముక్కా, బ్యాగులూ, వాటిలోని సామానూ అన్నీ అందులోనే రావాలి. రైడింగ్ గేర్‌తో ఆయన 86 కేజీలు, ఆవిడ 64. ఇద్దరూ కలిసి 150. మిగిలింది 35. అందులో క్రాష్ గార్డ్ బరువు 5 పోతే 30. సాడిల్ స్టేలు, బ్యాగుల సొంత బరువు, లోపలి సామాను, ఏదైనా ఈ 30 కేజీల్లోనే సర్దుకోవాలి.

మొదటి ట్రిప్‌లో టాప్ బాక్స్ బరువు 4.5, సాడిల్ బ్యాగుల జత 3, సామాను 33. అంటే 30 ఉండాల్సిన చోట 40.5 కేజీలు. పరిమితి మీద పదిన్నర కేజీలు అదనంగా వేసుకుని వెళ్లారు. ఆ అంకె చూశాక ఆయన కాసేపు మాట్లాడలేదు. పెద్ద బ్యాగ్ కోసం వచ్చిన మనిషికి, ఉన్న సామానులో మూడో వంతు తీసేయాలని చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది. కానీ లీటర్లు కొనుక్కోవచ్చు గానీ కేజీలు కొనుక్కోలేం. బండి తయారైన రోజే ఆ లెక్క తేలిపోయింది.

తగ్గించే పని ఆవిడ చేతుల్లోకి తీసుకుంది. నేల మీద దుప్పటి పరిచి, సామానంతా మూడు కుప్పలుగా పెట్టింది. రోజూ వాడేవి, ఏదైనా జరిగితే ప్రాణానికో బండికో పనికొచ్చేవి, 'ఉంటే బాగుంటుంది' అనుకున్నవి. మూడో కుప్పలోనే 9 కేజీలు తేలాయి. మడత కుర్చీలు రెండు, లాప్‌టాప్, దాని ఛార్జర్, కెమెరా స్టాండ్, ఇద్దరికీ అదనపు బూట్ల జతలు, లీటరు ఇంజిన్ ఆయిల్, మూడు జీన్స్ ప్యాంట్లు. ఒక్క జీన్స్ ప్యాంటే ముప్పావు కేజీ దాకా ఉంటుంది, తడిస్తే ఆరడానికి రెండు రోజులు పడుతుంది. వాటి బదులు తొందరగా ఆరిపోయే తేలిక ప్యాంట్లు రెండు పెట్టింది. పనిముట్లలో ఈ బండికి ఒక్క బోల్టుకీ పట్టని స్పానర్లు నాలుగు దొరికాయి. చివరికి సామాను 20.5 కేజీలకు దిగింది.

హ్యాండిల్ ఎందుకు ఊగింది

క్యారియర్ కింద చూస్తే, తయారీదారు వేసిన అచ్చు స్పష్టంగా ఉంది: 7 కేజీలు. దాని మీద పెట్టె 4.5, లోపల 14, మీద మూట 3.5. మొత్తం 22 కేజీలు.

బరువు ఎంతన్నదాని కన్నా అది ఎక్కడుందన్నది ఇక్కడ పెద్ద విషయం. ఆ పెట్టె మధ్యభాగం వెనక చక్రం ఇరుసుకు 35 సెంటీమీటర్లు వెనక ఉంది. రెండు ఇరుసుల మధ్య దూరం 140 సెంటీమీటర్లు. పిల్లలు చెరో కొసన కూర్చుని ఆడే సీ-సా బల్లలాగే లెక్క వేయొచ్చు. 22ని 35తో గుణించి 140తో భాగిస్తే 5.5. అంటే ఆ పెట్టె ముందు చక్రం మీద నుంచి 5.5 కేజీల భారాన్ని పైకి ఎత్తేసింది. వెనక చక్రం మీద 22 బదులు 27.5 కేజీలు పడ్డాయి. పెట్టెలో బరువు పెరిగిన కొద్దీ ముందు చక్రానికి నేల మీద పట్టు తగ్గుతుంది.

దీనికి ఇంకో మూడు తోడయ్యాయి. వెనక సస్పెన్షన్ ప్రీలోడ్, అంటే స్ప్రింగ్ ముందే ఎంత నొక్కుకుని ఉండాలో పెట్టే సెట్టింగ్, ఐదు మెట్లలో రెండో మెట్టు మీదే ఉంది, ఒక్కరే నడిపేటప్పుడు పెట్టుకున్నది. ఇద్దరు కూర్చుని లగేజీ వేస్తే వెనక బాగా కుంగి, ముందు ఫోర్క్ మామూలు కన్నా వాలుగా మారింది. వెనక టైర్‌లో గాలి కూడా ఒక్కరికి సరిపడేంతే ఉంది. అన్నిటికన్నా నన్ను కంగారు పెట్టింది క్యారియర్. టార్చ్ వేసి చూస్తే, ఎడమ కాలు అతుకు దగ్గర పెయింట్ మీద వెంట్రుకంత గీత, దాని వెంబడి సన్నగా తుప్పు. పెయింట్ మీది గీతను తేలిగ్గా తీసుకోవద్దు. దాని కింద ఇనుము పగిలిందనడానికి చాలాసార్లు అదే మొదటి గుర్తు. చేత్తో పెట్టెను అటూ ఇటూ కదిపితే వేలెడంత కదిలింది. వెనక, ఎత్తులో, వదులుగా ఊగే 22 కేజీలు. గాలి తాకిడికి ఆ పెట్టె కదలడం, ఆ కదలిక తేలికపడిన ముందు చక్రం దాకా పాకడం, ఆయన బెదిరి హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకోవడం. గట్టిగా పట్టుకుంటే ఊగడం తగ్గదు, మన చేతుల బిగువు కూడా దానికి తోడవుతుంది. అలాంటప్పుడు యాక్సిలరేటర్‌ని మెల్లగా వదిలి, పట్టు సడలించి, వేగం తగ్గనివ్వాలి. ముందు బ్రేక్ గట్టిగా నొక్కకూడదు. ఈ మాట ఇద్దరికీ రెండుసార్లు చెప్పాను.

ఆ క్యారియర్‌కి వెల్డింగ్ వేయలేదు, తీసేసి కొత్తది పెట్టాం. అతుకు దగ్గర పగిలిన సన్న గొట్టానికి మళ్లీ వెల్డింగ్ వేస్తే, దాని పక్కనే ఇంకోచోట పగలడం నేను చూశాను.

పెట్టెలా, గుడ్డ బ్యాగులా

అల్యూమినియం పెట్టెల మీద ఆయనకు మనసు ఉంది. తప్పు లేదు. తాళం పడుతుంది, వాన లోపలికి రాదు, ఆగిన చోట బల్లలా పనికొస్తుంది. నా దగ్గరున్న జత తూచి చూపించాను. పెట్టెలు రెండూ కలిపి 10 కేజీలు, వాటిని మోసే రాక్ 5. ఉన్న 30లో 15 అక్కడికే అయిపోయాయి. వెనక కట్టే టెయిల్ బ్యాగ్, పెట్రోల్ ట్యాంక్ మీద పెట్టే ట్యాంక్ బ్యాగ్ కూడా పెట్టుకుంటే సామానుకు మిగిలేది పన్నెండున్నర కేజీలు. మెత్తటి బ్యాగులైతే స్టేలు 3.5, నాలుగు బ్యాగుల సొంత బరువు 5.5 పోను సామానుకు 21 కేజీలు దొరుకుతాయి.

కంకర దారి ఉండడం రెండో కారణం. బండి జారుతున్నప్పుడు కాలు కింద పెట్టడం ఎవరికైనా అసంకల్పితంగా జరిగిపోతుంది. బండి ముందుకు కదులుతుంటే ఆ కాలు వెనక్కి పోయి పెట్టె కింద ఇరుక్కుంటుంది. మెత్తటి బ్యాగ్ ఆ సమయంలో లొంగుతుంది, అల్యూమినియం అంచు లొంగదు. ఒక్కరే పెద్ద బండి మీద హైవేలో వెళ్లేటట్లయితే నేనే ఆ పెట్టెలు బిగించి ఇచ్చేవాణ్ణి.

గుడ్డ విషయంలో ఒక మాట. డెనియర్ అంకె చూసి చాలామంది నిర్ణయం తీసుకుంటారు. 9,000 మీటర్ల పొడవు దారం ఎన్ని గ్రాములుంటే అన్ని డెనియర్లు. అంటే అది దారం లావు చెప్పే అంకె, బ్యాగ్ మన్నిక చెప్పే అంకె కాదు. 1000 డెనియర్ గుడ్డతో కుట్టిన బ్యాగ్ కూడా పట్టీ అతికిన చోట కుట్టు ఊడి పాడైపోతుంది. నేను బ్యాగ్ చేతిలోకి తీసుకోగానే పట్టీ మొదలు చూస్తాను. ఒకే వరస కుట్టు ఉంటే పక్కన పెట్టేస్తాను. దగ్గర దగ్గరగా, అడ్డంగా దట్టంగా వేసిన కుట్టు ఉండాలి, పట్టీ బ్యాగ్ అడుగు నుంచి చుట్టి రావాలి. తరవాత జిప్. వాన నీళ్లు జిప్ పళ్ల మధ్య నుంచీ, సూది చేసిన రంధ్రాల్లో నుంచీ దిగుతాయి. కుట్టు లేకుండా వేడితో అతికించిన రోల్ టాప్ బ్యాగ్ అయితే ఆ రెండు సమస్యలూ ఉండవు, నోరు మూడుసార్లు మడిచి బిగిస్తే చాలు. విడిగా తొడిగే రెయిన్ కవర్లను నేను నమ్మను. గాలికి ఉబ్బి ఎగిరిపోతాయి, అడుగున నీళ్లు నిలబెడతాయి, ఊడితే వెనక చక్రంలో చుట్టుకునే ప్రమాదమూ ఉంది.

చివరికి ఎంచుకున్నవి: రోల్ టాప్ సాడిల్ బ్యాగుల జత, వెనక అడ్డంగా కట్టే 30 లీటర్ల డ్రై బ్యాగ్ (నీళ్లు దిగని సంచి), చిన్న ట్యాంక్ బ్యాగ్. పనిముట్ల సంచి క్రాష్ గార్డ్‌కి కింది భాగంలో. భుజాల బ్యాగ్ పూర్తిగా తీసేయించాను. గంటల కొద్దీ భుజాల మీద మోసే రెండున్నర కేజీలు సాయంత్రానికి మెడ నొప్పి తెప్పిస్తాయి, పడితే వెన్నుకు తగులుతాయి.

బిగింపు

స్టేలు బిగించడంతో పని మొదలైంది. ఎడమ సులువు. కుడివైపు సైలెన్సర్‌ని దాటుకుని బ్యాగ్ బయటికి రావాలి. ఎడమ బ్యాగ్ మధ్యభాగం బండి నడిమి గీత నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, కుడిది 36 దగ్గర కూర్చుంది. రెండు వైపులా ఒకే బరువు పెడితే బండి కుడికి లాగుతుంది. అందుకని బ్యాగ్‌తో సహా ఎడమ 7.8 కేజీలు, కుడి 6.5 కేజీలు పెట్టాం. 30ని 7.8తో గుణించినా, 36ని 6.5తో గుణించినా 234 వస్తుంది. ఎడమ బ్యాగ్ పెద్దది, కుడిది చిన్నది కొన్నా తప్పేం లేదు. రెండూ అద్దంలో బొమ్మల్లా ఒకేలా కనిపించాలన్న పట్టింపు వదిలేయాలి.

వేడి కొలిచేటప్పుడు చాలామంది పొరపడే చోటు ఒకటుంది. మెరిసే స్టీల్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చూపిస్తే అసలు కన్నా బాగా తక్కువ చూపిస్తుంది. మెరిసే ఉపరితలం చుట్టూ ఉన్నవాటి వేడిని ప్రతిబింబిస్తుంది, సొంత వేడిని తక్కువగా వెదజల్లుతుంది. సైలెన్సర్ మీద వేడిని తట్టుకునే నల్ల పెయింట్ చిన్న చుక్క పెట్టి, ఆ చుక్క మీద కొలవాలి. నలభై నిమిషాలు నడిపి వచ్చాక మెరిసే చోట 90 దగ్గర చూపించింది, నల్ల చుక్క మీద 210 దాటింది. సైలెన్సర్‌కి హీట్ షీల్డ్ బిగించాం. షీల్డ్‌కీ బ్యాగ్‌కీ మధ్య 6 సెంటీమీటర్లు ఖాళీ వదిలాం. గాలి ఆడే ఆ ఖాళీయే షీల్డ్ కన్నా ఎక్కువ కాపాడుతుంది. బ్యాగ్ అడుగున వేడి 50 డిగ్రీల లోపే ఉంది.

ఖాళీ బండి మీద కనిపించే దూరాలను నమ్మకూడదు. వెనక సస్పెన్షన్ పూర్తిగా కుంగినప్పుడు చక్రం ఎక్కడి దాకా వస్తుందో చూడాలి. మీట ఆడించి బిగించే రాట్చెట్ పట్టీ వేసి బండి వెనక భాగాన్ని పూర్తిగా కిందికి లాగి, ఆ స్థితిలో టైర్‌కీ, చైన్‌కీ, ఇండికేటర్లకీ, బ్యాగ్‌కీ మధ్య చెయ్యి పెట్టి చూశాను. ఎడమ బ్యాగ్ లోపలి అంచుకూ టైర్‌కూ మధ్య 3 సెంటీమీటర్లే మిగిలింది. స్టేని ఒక గొట్టం మందం బయటికి జరిపి 5 చేశాను. ఇండికేటర్లు బ్యాగుల వెనక దాక్కున్నాయి, వాటిని నంబర్ ప్లేట్ దగ్గరికి మార్చాం. వెనక వచ్చే బండివాళ్లకు మన ఇండికేటర్, బ్రేక్ లైట్, నంబర్ ప్లేట్ కనిపించకపోతే ఆ ఫిట్టింగ్ పూర్తయినట్టు కాదు.

అప్పుడు ఆవిడను కూర్చోమన్నాను. ఫుట్‌పెగ్ మీద కాలు పెట్టగానే మడమ బ్యాగ్ ముందు అంచుకు తగిలింది. ఈ పనిలో అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే చిక్కు ఇదే. బరువు కోసం బ్యాగ్‌ని ముందుకు జరపాలి, మడమ కోసం వెనక్కి జరపాలి. వెనక కూర్చునేవాళ్ల సౌకర్యాన్ని చివర్లో చూసుకుందాం అనుకునే ఫిట్టర్లు చాలామంది ఉన్నారు. మడమ బ్యాగ్‌కి తగులుతుంటే ఆవిడ పాదాన్ని కొంచెం ముందుకు, వేళ్ల మీద పెట్టుకుంటుంది. రెండు గంటల్లో తొడ పట్టేస్తుంది, ఆ తరవాత కదులుతూ ఉంటుంది, 64 కేజీలు కదిలితే బండి కదులుతుంది. బ్యాగులను 4 సెంటీమీటర్లు వెనక్కి జరిపాను. పైగా ముందు అంచు కింది వైపు ఏటవాలుగా కోసినట్టుండే బ్యాగులు మార్చి తెచ్చాం. అంత జరిపినా బ్యాగ్ మధ్యభాగం వెనక ఇరుసుకు ముందే ఉంది. బరువైనవన్నీ బ్యాగ్ అడుగున, ముందు మూలలో సర్దాం.

డ్రై బ్యాగ్‌లో బట్టలు, స్లీపింగ్ బ్యాగులు, తేలికవే. 4.9 కేజీలు. బ్యాగ్ బరువు కలిపినా కొత్త క్యారియర్ పరిమితికి లోపలే. ఆవిడ నడుముకు ఆనుకునేలా వీలైనంత ముందుకు కట్టాం. బంజీ తాళ్లు రెండూ పక్కన పడేశాను. కొక్కెం జారితే అది బుల్లెట్‌లా కంటికి తగులుతుంది, అలా కన్ను దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు. పైగా బంజీ సాగుతుంది, గుంతలో సామాను లేస్తుంది, దిగుతుంది, ప్రతిసారీ కొద్దిగా జరుగుతుంది. చేత్తో లాగితే బకిల్ పళ్లే పట్టుకునే కామ్ బకిల్ పట్టీలు వాడాం. రాట్చెట్ పట్టీలతో అవసరానికి మించి బిగించేస్తాం, బ్యాగ్ నలిగి కుట్లు లాగుతాయి. మిగిలిన పట్టీ కొసలన్నీ మడిచి వెల్క్రోతో కట్టేశాం. వేలాడే పట్టీ కొస చైన్ స్ప్రాకెట్‌లో పడితే వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. ఎవరి బండి మీదైనా వేలాడే కొస చూస్తే ఆపి చెబుతాను, వాళ్లు నాకు తెలియకపోయినా సరే.

ట్యాంక్ బ్యాగ్ గురించి ఎక్కువ చెప్పను. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూశాం. ఎడమకు తిప్పితే హారన్ నొక్కుకుంది, బ్యాగ్‌ని రెండు వేళ్లు వెనక్కి లాగాం. ఇంధనం మూత దగ్గరి గాలి రంధ్రం మూసుకుపోకుండా చూశాం. 2.6 కేజీలు, అంతకు మించొద్దన్నాను. ట్యాంక్‌నీ సైడ్ ప్యానెళ్లనీ బ్యాగులు తాకే ప్రతిచోటా శుభ్రంగా తుడిచి పారదర్శక ఫిల్మ్ అతికించాం. గీతలు పడేది బ్యాగ్ వల్ల కాదు, బ్యాగ్ కింద చేరిన ఇసుక వల్ల.

వానలో తెలిసిన నా తప్పు

పూర్తి లోడ్‌తో, ఇద్దరితో, 60 కిలోమీటర్ల ట్రయల్‌కి పంపాను. సగం దారిలో గట్టి వాన. తిరిగొచ్చేసరికి డ్రై బ్యాగ్ వదులై, కుడివైపుకు నాలుగు వేళ్లు జరిగి ఉంది. బకిల్స్ జారలేదు, నేను బిగించిన గుర్తు దగ్గరే ఉన్నాయి. పట్టీలే సాగాయి.

అవి నైలాన్ పట్టీలు. నైలాన్ నీళ్లు పీల్చి తడిస్తే సాగుతుంది, ఆరితే మళ్లీ బిగుస్తుంది. పాలియెస్టర్ నీళ్లు పెద్దగా పీల్చదు, ఎండకు కూడా ఎక్కువ కాలం తట్టుకుంటుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఆ రోజు డబ్బాలో చేతికి అందిన పట్టీలు తీసి వాడాను, లేబుల్ చూడలేదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. వాళ్లు ట్రయల్‌కి వెళ్లకుండా నేరుగా ట్రిప్‌కి వెళ్లి ఉంటే, ఆ బ్యాగ్ కుడివైపు సైలెన్సర్ మీదికి జారేది. ఇద్దరికీ క్షమాపణ చెప్పి పట్టీలన్నీ మార్చాను. ఇప్పుడు నా దగ్గర నైలాన్ పట్టీలు వేరే రంగు డబ్బాలో ఉంటాయి, బండి పనికి అవి బయటికి రావు.

బండి సెట్టింగులు

ప్రీలోడ్ రెండో మెట్టు నుంచి నాలుగుకు తెచ్చాం. లోడ్‌తో వెనక సస్పెన్షన్ కుంగుడు 82 మిల్లీమీటర్ల నుంచి 61కి తగ్గింది. మొత్తం ప్రయాణం 180 మిల్లీమీటర్లు కాబట్టి మూడో వంతు దగ్గర ఉంది, అది సరైన చోటు. టైర్లలో గాలి చైన్ కవర్ మీది స్టిక్కర్‌లో ఇద్దరికి రాసిన అంకె ప్రకారం. చైన్ వదులు ఇద్దరూ కూర్చున్నాక మళ్లీ చూశాం, లోడ్ పడితే అది మారుతుంది. హెడ్‌లైట్ కాస్త కిందికి దించాం. స్టే బోల్టులకు మధ్య రకం థ్రెడ్ లాకర్ (మరలు వదులవకుండా పూసే జిగురు) వేసి, 100 కిలోమీటర్ల తరవాత ప్రతి బోల్టూ మళ్లీ బిగించి చూడమని రాసిచ్చాను. అంతా కలిపి 184.5 కేజీలు. పరిమితి కన్నా అర కేజీ తక్కువ.

రెండో ట్రయల్‌లో 90 దాటాక హ్యాండిల్ ఊగలేదు. నేనూ వాళ్ల వెనక ఇంకో బండి మీద వెళ్లి చూశాను. ఆవిడ బండి దిగగానే చెప్పిన మాట: "ఈసారి నేను చుట్టుపక్కల చూస్తూ వచ్చాను అన్నయ్యా."

తిరిగొచ్చాక

12 రోజులూ పూర్తిచేసి వచ్చారు. బ్యాగులు విప్పకుండా తీసుకురమ్మని ముందే అడిగాను, దుమ్ముతో సహా చూడాలని.

సైలెన్సర్ వైపు ఏ మరకా లేదు. లోపలి బట్టలు ఒక్క రోజు తడిశాయి. తొందరలో ఎడమ బ్యాగ్ నోరు రెండు మడతలే వేశారు, ఆ సాయంత్రం వాన పడింది. కంకర దారిలో కుడి స్టే కింది బోల్టు ఒకటి సగం వదులైంది, ఆయన ఉదయం చెకింగ్‌లో పట్టుకుని బిగించారు. రోజూ బయలుదేరే ముందు ప్రతి బ్యాగ్‌నీ చేత్తో గట్టిగా కదిపి చూడమన్నాను, ఇద్దరూ ఒక్క రోజు కూడా మానలేదట.

నేను ఊహించనిది ఒకటి కనిపించింది. ఎడమ బ్యాగ్ వెనకవైపు, స్టే గొట్టం తాకే చోట, బయటి గుడ్డ అరిగి లోపలి పొర బయటపడింది. బ్యాగ్ కదలకుండా బిగుతుగానే ఉంది. కానీ 200 కిలోమీటర్ల కంకర దుమ్ము గొట్టానికీ గుడ్డకీ మధ్య చేరి, సింగిల్ సిలిండర్ వైబ్రేషన్‌కి ఉప్పుకాగితంలా పనిచేసింది. ఇంకో 500 కిలోమీటర్లు వెళ్లి ఉంటే చిల్లు పడేది. అంచు ఏటవాలుగా ఉన్న బ్యాగులు ఎంచుకున్నప్పుడు, స్టే గొట్టం బ్యాగ్‌లో గట్టి ప్లేటు ఉన్న చోట కాకుండా ఉత్త గుడ్డ ఉన్న చోట ఆనుతోందని నేను గమనించి ఉండాల్సింది.

సామానులో ఒక్కసారి కూడా బయటికి తీయనివి విడిగా పెట్టమన్నాను. 3.1 కేజీలు. రెండో తువ్వాలు, ఒక జాకెట్, వాడని గిన్నె, ఇంకొన్ని చిన్నాచితకా. పంక్చర్ కిట్, ఫస్ట్ ఎయిడ్ కూడా వాడలేదు, కానీ అవి ఆ కుప్పలో పెట్టనివ్వలేదు.

ఇప్పుడు ఎడమ స్టే గొట్టానికి మందపాటి రబ్బరు గొట్టం తొడిగి, గుడ్డ ఆనే చోట లోపలి నుంచి పలచని ప్లాస్టిక్ షీట్ వేశాను. కుడి కింది బోల్టుకు లాకర్‌తో పాటు లాక్ నట్ వేశాను. 1,000 కిలోమీటర్ల తరవాత బండి మళ్లీ తెస్తామన్నారు. రబ్బరు కింద దుమ్ము చేరుతోందో లేదో అప్పుడు విప్పి చూడాలి.